నల్ల ఇంజను లాగిన గీతలు

నేను పనిలోంచి దిగిపోయే ముందటి ఏడాది, ఆషాఢం పడే ఆడి నెల మొదటి సోమవారం పొద్దున, నా పేరున ఒక జాబ్ కార్డు రాసి ఉంది. రాజపాళయంలో మిల్లు మోటార్లకు వైండింగ్ కట్టే పట్టరై మాది. పట్టరై అంటే తమిళంలో వర్క్‌షాపు. నేనక్కడ హెడ్ వైండర్‌ని. కార్డు మీద కస్టమర్ పేరు శంకరరాజు, రిటైరైన స్పిన్నింగ్ మాస్టర్. వస్తువు: బొమ్మ రైలింజను, ఒకటి. పని: కరెంటు కొలత. పని చేయవలసిన చోటు: కస్టమర్ ఇల్లు.

కార్డు తప్పు పడిందేమోనని పట్టరై యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని మేమందరం మొదలాళి అనే పిలిచేవాళ్ళం. తప్పేమీ లేదన్నాడు. ఆ శంకరరాజు మాస్టరుగా ఉన్న రోజుల్లో ఎన్ని మిల్లు మోటార్లు మన వాకిట్లోకి పంపాడో గుర్తుంచుకోమన్నాడు. వెళ్ళు, కొలువు, రా, అక్కడ నవ్వకు, అన్నాడు. పట్టరైలో చేరిన రోజు నుంచి పని దగ్గర నవ్వింది లేదు, ఇప్పుడు మొదలుపెట్టే ఉద్దేశమూ లేదని చెప్పి టిఫిన్ డబ్బా, టాంగ్ టెస్టర్ సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. నేను మంసాపురంలో అయిదో తరగతి వరకు చదివాను. ఆ తర్వాత చదివిందంతా మీటరు ముల్లే. మిల్లులో మోటారు కాలితే మా దగ్గరికి వస్తుంది. పాత వైండింగ్ కోసి తీసి, ఎన్ని చుట్లో లెక్కపెట్టి, తీగ మందం చూసి, గాడుల్లో కొత్త కాగితం పరిచి, కొత్త చుట్లు దించి, వెదురు చీలికతో బిగించి, వార్నిష్ పోసి, ఓవెన్‌లో ఆరబెడతాం. ఆడవాళ్ళ వేళ్ళు సన్నమని చుట్లు దించే పని మాకే ఇచ్చేవారు. నా వేళ్ళు సన్నమేమీ కాదు. తీగ వృథా చేయనని నన్ను పెట్టుకున్నారు.

ఆఖరి మెట్టు పరీక్ష. మోటారును బల్ల మీద వట్టిగా, ఏ బరువూ తగిలించకుండా తిప్పి, మూడు ఫేజుల్లోనూ ఎంతెంత కరెంటు లాగుతుందో చూస్తాం. మూడూ సమంగా ఉంటే వైండింగ్ బాగున్నట్టు. దీన్ని నో-లోడ్ అంటారు. ఆ అంకెలు టెస్ట్ కార్డు మీద రాసి, కింద వైండర్ సంతకం పెట్టాలి. ఆరు నెలల లోపల మోటారు తిరిగి వస్తే ఆ కార్డు కూడా తిరిగి వచ్చి, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన గోడమీది పలకకు గుచ్చుకుంటుంది. నీళ్ళు తాగే ప్రతివాళ్ళూ ఆ పేరు చదువుతారు. కె. వీరమ్మాళ్ అన్న పేరు ఆ పలకకు ఎన్నడూ ఎక్కలేదు. నాకు అంతకంటే ఆస్తి లేదు, అడగనూ లేదు.

శంకరరాజుగారి ఇంటి హాల్లో మనిషి నడవడానికి అంచున ఒక మూర వదిలి, మిగతా అంతా టేబులే. దాని మీద రైలు పట్టాలు, స్టేషను, నీళ్ళ ట్యాంకు, పడమట కొండలు, కొండలో సొరంగం. ఆ కొండ సత్రపట్టి బ్యాండేజి గుడ్డను పిండిలో ముంచి పరిచి ఆరబెట్టి చేసిందట. మా కోడలు సత్రపట్టిలో ఆ గుడ్డే నేస్తుంది. ఎన్ని గజాలు పట్టిందని అడిగాను. ఆయన చెప్పాడు. దెబ్బ తగలని కొండకు ఇంత కట్టు ఎందుకని నేను పైకి అనలేదు.

ఇంజను నల్లది, జానెడు పొడుగు, పాత ఆవిరి ఇంజను రూపం. సమస్య ఏమిటంటే, దాని కడుపులో ఒక చిప్పు పెడితే పాత మీటర్‌గేజి బండిలాగా ఊపిరి తీస్తుందట, కూత కూస్తుందట. ఆ చిప్పు ఒక ఆంపియర్ కరెంటు వరకే ఓర్చుకుంటుంది. మోటారు అంతకంటే ఎక్కువ లాగితే చిప్పు కాలుతుంది. అప్పటికి రెండు కాలాయి. అమ్మినవాళ్ళు ఆ రకం చేయడం మానేశారు. ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే, దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో దాచాడు.

అసలు సంగతి ఆయన భార్య కృష్ణమ్మాళ్ చెప్పింది. రెండో చిప్పు కాలింది మనవరాలి నిశ్చితార్థం మాటలకు చోళపురం నుంచి వియ్యాలవారు వచ్చిన రోజున. వాళ్ళు విస్తరి ముందు కూర్చుని ఉండగా కొండలోంచి పొగ వచ్చిందట. ఇల్లు అంటుకుందనుకుని పెళ్ళికొడుకు మేనమామ పాయసం గిన్నెతో సహా వీధిలోకి పోయాడట.

"అక్కా, ఇంకొక్కసారి పొగ వస్తే ఈ టేబులు మాడి మీది షెడ్డుకు పోతుంది. ఈయనకు మాట ఇచ్చినాను, ఈయనా సరి అన్నాడు" అంది, మేడ మెట్ల వైపు చూపిస్తూ. "ఆ షెడ్డుకే ఈయనా పోతానంటే నేను వద్దననూ."

శంకరరాజుగారు తల దించుకుని పట్టాల మీద లేని దుమ్ము తుడిచాడు. మనసులో నేను కృష్ణమ్మాళ్ పక్షమే. హాలు అన్నం తినడానికి. కానీ కార్డు నా పేరున ఉంది కాబట్టి పక్షం సంచిలో పెట్టుకుని మీటరు బయటికి తీశాను.

టాంగ్ టెస్టర్ అంటే పటకారులా నోరు తెరిచి వైరు చుట్టూ మూసుకునే మీటరు. వైరు తెంపకుండానే కరెంటు ఎంతో చెబుతుంది. పట్టరైలో ముప్పై ఏళ్ళు నా చేతికి అదే. రెగ్యులేటర్ నుంచి పట్టాలకు పోయే వైరుకు తగిలించాను. ఆయన ఇంజనును నడిపాడు. మీటరు సున్నా చూపింది. చిన్న కరెంటు కదా అని, మేము చేసే ఉపాయం చేశాను. వైరును మీటరు నోటి చుట్టూ పదిసార్లు చుడితే పదింతలు చూపిస్తుంది, తర్వాత పదితో భాగించుకోవాలి. చుట్టాను. ఇంజను ఒక చుట్టు తిరిగి వచ్చింది. మీటరు సున్నా దగ్గరే ఉంది.

ఈ ఇంజను కరెంటే లాగడం లేదని నేను చెప్పేశాను. ఆయన చాలా మర్యాదగా అడిగాడు.

"అట్లయితే గాలికి పోతుందా వీరమ్మా?"

అప్పుడు తెలిసింది నా బుద్ధి ఎక్కడుందో. మిల్లుకు వచ్చేది ఏసీ, క్షణానికి ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు. ఆ ఊగడాన్నే నా టాంగ్ టెస్టర్ పసిగడుతుంది. బొమ్మ రైలు పట్టాల్లో పోయేది డీసీ, బ్యాటరీలోలాగా ఒకే వైపు పోయేది. దాన్ని నా మీటరు ముట్టుకుని కూర్చున్నా కనిపెట్టలేదు. కృష్ణమ్మాళ్ తలుపు దగ్గర నిలబడి మజ్జిగ గ్లాసు అందించింది. నేను తాగి, రేపు వేరే మీటరు తెస్తానని చెప్పి వచ్చేశాను.

డీసీకి పనికొచ్చే కొత్త టాంగ్ టెస్టర్ కొనిపెడతానని మొదలాళి అన్నాడు. ఒక జానెడు ఇంజను కోసం మీటరు కొనేది నా చేతిమీదుగా జరగదని చెప్పాను. నా సొరుగులో ఒక పాత ముల్లు మీటరు ఉంది. ఎప్పుడో ఒక మిల్లు పాత ప్యానెల్ ఊడదీసి పాత ఇనుముకు వేస్తుంటే ఏరి పెట్టుకున్నది. రెండు ఆంపియర్ల డయల్, దాని మీద నలభై గీతలు. అంటే ఇరవై గీతలకు ఒక ఆంపియర్. దాచినందుకు నన్ను ఎగతాళి చేసినవాళ్ళు ఇద్దరు అప్పటికింకా పనిలోనే ఉన్నారు. వాళ్ళ ఎదుటే దాన్ని తుడిచి సంచిలో పెట్టాను.

ఈ మీటరు పటకారులా వాటేసుకునేది కాదు. వైరును తెంపి, ఆ తెగిన రెండు కొసల మధ్య దీన్ని కూర్చోబెట్టాలి. ఇంజనుకు పోయే కరెంటంతా దీని గుండానే పోవాలి. అట్లా కూర్చోబెట్టి ఇంజనును వట్టిగా నడిపాం. ముల్లు అయిదో గీత దగ్గర నిలబడింది. ఆరు పెట్టెలు తగిలించి కొండ ఎక్కించాం. ఎనిమిదో గీత. చిప్పు ఓర్చుకునేది ఇరవై గీతలు. సగానికి కూడా పోలేదు. కార్డు మీద రెండు అంకెలూ రాసి, చిప్పు పెట్టవచ్చు అని రాసి, సంతకం పెట్టాను.

సంతకం పెట్టే ముందు ఆయన ఒక మాట అన్నాడు. రైలు బొమ్మలవాళ్ళ పుస్తకమేదో తెరిచి, ఇందులో చక్రాలు పట్టుకుని, ఇంజను కదలకుండా చేసి కూడా చూడమన్నారే అన్నాడు. మిల్లు మోటారును తిరగకుండా పట్టి కరెంటు ఇస్తే మామూలుకు ఆరింతలు లాగి, నిమిషంలో వైండింగ్ కాలిపోతుంది. చేరిన మొదటి రోజే మా చేతులకు నేర్పింది, ఆ పని ఎన్నడూ చేయొద్దని.

"తిరిగే మోటారును పట్టి నిలిపేది మా పనిలో లేదయ్యా. కట్టినది కాల్చి చూసేది పరీక్షా?" అన్నాను.

ఒకప్పుడు మూడు షిఫ్టులను గడగడలాడించిన మాస్టరు పుస్తకం మూసేశాడు.

పోయే ముందు నాకు కనబడింది, ఆయన పట్టాలు తుడవడానికి విదేశీ గుడ్డముక్క వాడుతున్నాడని. ప్రత్యేకం రైలు పట్టాల కోసమేనట. నాకు కడుపు మండింది. మరునాడు కోడలి దగ్గర నుంచి బ్యాండేజి గుడ్డ అంచు కత్తిరింపులు ఒక సంచి నిండా తెచ్చి ఇచ్చాను. ఎట్లాగూ పారేసేవే. కొండకు పనికొచ్చిన గుడ్డ పట్టాలకు పనికిరాదా అన్నాను. పట్టాలు తళతళలాడాయి. నాకు తృప్తి కలిగింది. ఆ తృప్తిని ఇక్కడ రాయడం ఎందుకంటే తర్వాత దానితో పని ఉంది.

పది రోజులకు ఆయన కబురు పంపాడు, చిప్పు ఎక్కించే రోజు శుక్రవారమని. సంతకం పెట్టిన వైండర్ మొదటి స్టార్టుకు దగ్గర ఉండాలన్నది మా పట్టరై పద్ధతి. మిల్లయినా, బొమ్మయినా. వెళ్ళాను. కృష్ణమ్మాళ్ ముందుజాగ్రత్తగా ఇద్దరు కూలీలకు చెప్పి పెట్టుకుంది, టేబులు మాడికి ఎక్కించడానికి. వాళ్ళు తిన్నె మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. అగ్గిపెట్టె తెరిచి, దూది విప్పి, శంకరరాజుగారు చిప్పును అరచేతిలో పెట్టుకున్నాడు.

పెట్టే ముందు మరొకసారి ముల్లు చూద్దామన్నాను. అనుమానం ఉండి కాదు. మోటారు స్టార్టు చేసే ముందు మీటరు చూడకపోతే నాకు తోచదు.

వట్టి ఇంజనే, సమంగా ఉన్న పట్టా మీద. ముల్లు పన్నెండో గీత చూపింది.

పది రోజుల కింద అయిదు. నేను మీటరు తట్టాను. పన్నెండే. ఇంజనుకు ఏమైనా చేశారా అని అడిగాను. ఏమీ చేయలేదు, రోజూ పట్టాలు తుడిచి నడిపినాను, అంతే అన్నాడు. ఇంతలో ఇంజను సొరంగం మొదట్లో మలుపు దగ్గరకు పోయి, మూలిగి, నిలిచిపోయింది. చక్రాలు తిరగడం లేదు. కరెంటు పోతూనే ఉంది. ముల్లు లేచి ఇరవై దాటి ఇరవై ఆరో గీత దగ్గర నిలబడింది. నేను రెగ్యులేటర్ కట్టేశాను.

చిప్పు ఇంకా ఆయన అరచేతిలోనే ఉంది. అది కడుపులో ఉండి ఉంటే, ఈ పాటికి కూలీలు లేచి పంచె బిగించేవారు.

ఇంజనును వెల్లకిలా తిప్పి, నా వైండింగ్ సూదితో చక్రాల ఇరుసు కెలికాను. తెల్లటి దారం వచ్చింది. లాగుతూ పోతే వస్తూనే ఉంది. ఒక ఇరుసుకు, దాని పక్క పళ్ళ చక్రానికి, బిగుతుగా, వరసగా, ఎవరో కూర్చుని చుట్టినట్టే. ముప్పై ఏళ్ళలో నేను కట్టిన ఏ చుట్టూ అంత నీటుగా లేదు. బ్యాండేజి గుడ్డ అంచు పోగులు పట్టాల అతుకుల దగ్గర చిక్కుకుని, ఇంజను వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కటీ ఇరుసుకు ఎక్కాయి. ఎక్కినకొద్దీ మోటారు కష్టపడింది, కష్టపడ్డకొద్దీ కరెంటు లాగింది. మిల్లులో దూది పోగు ఇరుసుకు చుట్టుకుంటుందని చంటిపిల్లకు కూడా తెలుసు. సంచి నిండా తెచ్చి ఇచ్చింది నేను.

కృష్ణమ్మాళ్ ఆ దారం చూసి, తర్వాత నన్ను చూసింది. అప్పుడు నేను చెప్పాలి కాబట్టి చెప్పాను.

"ఈ దారం నేనిచ్చిందే. దీన్ని తీసేస్తే పోతుంది. కానీ కార్డు కూడా తప్పే. చక్రాలు పట్టి చూడమని మీరు చెప్తిరి, నేను వద్దంటిని. పట్టి చూసి ఉంటే ఆ రోజే ఇరవై ఆరు కనబడేది."

అదీ నిజం. దారం వల్ల ఇంజను నిలిచింది. అంతే గానీ, నిలిచిన మోటారు ఇరవై ఆరు గీతలు లాగడం దాని పుట్టుక గుణం. దారం లేకపోయినా, ఒక పెట్టె పట్టా తప్పినా, మలుపులో చిన్న గడ్డిపోచ అడ్డమైనా, అప్పుడూ అంతే లాగుతుంది. మొదటి రెండు చిప్పులూ అట్లాగే పోయాయి. మిల్లు మోటారు నిలవకుండా చూసుకోవడానికి మనుషులుంటారు, నిలిస్తే తెంచడానికి స్టార్టర్ ఉంటుంది. బొమ్మ ఇంజను రోజుకు నాలుగుసార్లు నిలుస్తుంది. దానికి తిరిగేటప్పటి కొలతలే చూసి సంతకం పెట్టడం నా తప్పు.

శంకరరాజుగారు చిప్పును మళ్ళీ దూదిలో చుట్టబోయాడు. టేబులు మాడికే పోనీ, ఇంజను కూత లేకుండానే నడుస్తుంది, అన్నాడు. నేను ఆయన్ని కూర్చోమన్నాను. ఒక చిన్న దీపం కావాలన్నాను, బైకు ఇండికేటర్‌లో ఉంటుందే, పన్నెండు వోల్టులది, పది వాట్లది. ఆయన పాత బండి పెరటి షెడ్డులో ఉంది. కృష్ణమ్మాళ్ స్వయంగా వెళ్ళి ఊడదీసి తెచ్చింది.

రెగ్యులేటర్ నుంచి పట్టాలకు పోయే వైరు మధ్యలో ఆ దీపాన్ని కూర్చోబెట్టాను. కొద్ది కరెంటు పోతుంటే దీపం చల్లగా ఉంటుంది, పెద్దగా అడ్డు చెప్పదు. ఎక్కువ పోబోతే లోపలి తీగ వేడెక్కి, వెలిగి, దారికి అడ్డం పడుతుంది. ఇంజనును శుభ్రం చేసి నడిపితే అయిదు గీతలు. ఆ తర్వాత, ముప్పై ఏళ్ళు చేయని పని చేశాను. నా రెండు వేళ్ళతో చక్రాలు గట్టిగా పట్టుకున్నాను. దీపం ఎర్రగా వెలిగింది. ముల్లు పదమూడో గీత దగ్గర ఆగిపోయింది. రెండు లెక్కపెట్టి వదిలాను. మళ్ళీ పట్టాను. పదమూడే. మూడోసారి ఆయన్ని పట్టుకోమన్నాను. పుస్తకం చదివిన మనిషి కదా. ఆయన పట్టుకున్నాడు. పదమూడే.

చిప్పు ఎక్కించారు. చిప్పు ఎక్కాక పట్టాల్లోకి వేరే కంట్రోల్ పెట్టె నుంచి వేరే రకం కరెంటు పోతుంది. దాన్ని నా ముల్లు మీటరు చూపలేదు. అందుకని మీటరు విప్పేసి సంచిలో పెట్టాను, దీపాన్ని అక్కడే ఉంచాను. ఇంజను ఊపిరి తీసి, కూత కూసి, ఆరు పెట్టెలతో కొండ ఎక్కి, సొరంగంలోంచి బయటికి వచ్చింది. మలుపులో ఆయనే కావాలని అగ్గిపుల్ల అడ్డం పెట్టాడు. ఇంజను నిలిచింది, కూత గొంతు కాస్త తగ్గింది, దీపం వెలిగింది. పొగ రాలేదు. అగ్గిపుల్ల తీస్తే బండి మళ్ళీ కదిలింది.

తిన్నె మీద కూలీలు పనుందా లేదా అని అడిగారు. కృష్ణమ్మాళ్ చాలాసేపు దీపం వంక చూసి వాళ్ళకు వచ్చినందుకు డబ్బులిచ్చి పంపేసింది. తర్వాత నాతో అంది.

"సరిలే అక్కా. దీపం వెలిగిందంటే బండి ఆగినట్టు, అప్పుడే ఈయన చేయి ఖాళీ. వంటింట్లోంచి చూస్తే అన్నానికి పిలవచ్చు."

బ్యాండేజి గుడ్డ సంచి నేను వెనక్కి తెచ్చుకున్నాను. ఉతికి, ఫిల్టర్ కాఫీకి డికాక్షన్ వడకట్టడానికి వాడాం, ఏడాది పైన వచ్చింది. ఆయన మళ్ళీ విదేశీ గుడ్డముక్కతోనే పట్టాలు తుడుచుకున్నాడు.

పాత కార్డును అడ్డంగా కొట్టేసి, కింద కొత్త అంకెలు రాసి, పట్టరైకి వెళ్ళగానే మంచినీళ్ళ డ్రమ్ము పక్కన పలకకు నేనే గుచ్చాను. మొదలాళి వచ్చి తీసేయమన్నాడు. మోటారు తిరిగి రాలేదు, మిల్లు ఫిర్యాదు లేదు, దీన్ని ఇక్కడ పెట్టే పద్ధతి లేదన్నాడు. మోటారు రాకపోయినా కార్డు తిరిగి వచ్చింది కదా అన్నాను. ఆరు నెలలు అక్కడే ఉంది. నా సొరుగును ఎగతాళి చేసిన ఇద్దరూ ఆ ఆరు నెలలూ మామూలుకంటే ఎక్కువ నీళ్ళు తాగారు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. మోటారు సుఖంగా తిరిగేటప్పుడు తీసిన కొలత సగమే. అది నిలిచిపోతే ఎంత లాగుతుందో, ఆ కొలత తీయకుండా సంతకం పెట్టకూడదు. పెద్ద మోటారును పట్టి చూడలేకపోతే, చూడలేదని కార్డు మీద రాయాలి. పక్కన నిలబడినవాడు చూడమన్నప్పుడు, మా పనిలో లేదనే ముందు, ఈ పని ఆ పనేనా అని అడగాలి.

నేను దిగిపోయే నెలలో పట్టరైకి కొత్త కార్డులు అచ్చు వేయించారు. మూడు ఫేజుల మూడు వరసల కింద ఇప్పుడు నాలుగో వరస ఉంది: నిలిచినప్పుడు. పాత కార్డులు ఇంకా ఒక కట్ట మిగిలి ఉన్నాయి. వాటిని పారేయవద్దని, నాలుగో వరస చేత్తో గీసి వాడమని చెప్పి వచ్చాను.